దేవుడు వేటకెళ్తే... కెమెరా ఏది?

కనుమ వచ్చిందంటే అహోబిలంలో దేవుడు గుడి వదిలి వేటకు బయల్దేరతాడు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాదవరదుడు... ఇద్దరికీ ఒకటే పల్లకి. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి మరీ సాగనంపుతారు. అక్కణ్నుంచి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్ఫైకి పైగా ఊళ్లు తిరిగి, తన పెళ్లికి రమ్మని అందర్నీ పిలిచి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు మళ్లీ కొండ చేరతాడు స్వామి. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడాయె, పిలుపులు తనే స్వయంగా చెప్పుకోవాలి మరి! దీన్నే పార్వేట అంటారు. నంద్యాల జిల్లాలో ఎవరూ తప్పుపట్టని వేట ఏదైనా ఉందీ అంటే అది ఇదొక్కటే.

పల్లకి ఊళ్లోకి వచ్చిన రాత్రి ఎన్ని చేతులు పైకి లేస్తాయో అన్ని ఫోన్లూ లేస్తాయి. తీరా తెల్లారి టీవీకి కలిపి చూసుకుంటే ఏముంటుంది? స్వామి ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు ముద్ద, చుట్టూ చీకటి. నాదస్వరం బదులు గరగర. మధ్యలో ఎవరిదో తల. తెర నిండా పైనుంచి కిందికి పాకే నల్లచారలు. పోయినేడు పల్లకి మోసిన పెద్దాయన ఈ ఏడు లేడు, ఆయన ముఖం ఎక్కడైనా ఉందేమోనని వెతికితే భుజం మాత్రం కనిపిస్తుంది. అప్పుడు పుడుతుంది కోరిక, ‘ఈసారి మంచి కెమెరా ఒకటి కొనాలి’ అని. కువైట్ నుంచి వచ్చే బావమరిదికో, అమెరికాలో ఉన్న మేనల్లుడికో ఫోన్ వెళ్తుంది. ‘ఏ కెమెరా తెమ్మంటావు మామా?’ అని అటునుంచి ప్రశ్న.

అక్కడే చిక్కు. మేనల్లుడు అమెరికా దుకాణంలో ‘వేటను తీసే వీడియో కెమెరా’ అని అడిగాడనుకోండి. ఆకుపచ్చ మచ్చల తొడుగు వేసినవి, తుపాకీ గొట్టానికి బిగించేవి, టోపీకి తగిలించేవి, చెట్టుకు కట్టేవి... బోలెడు చూపిస్తారు. అక్కడ అనుమతి తీసుకుని జింకను కొట్టడం, దాన్ని వీడియో తీసి నలుగురికీ చూపించుకోవడం చట్టం ఒప్పుకున్న సరదా. ఏ కాలంలో, ఏ జంతువును, ఎన్నింటిని కొట్టాలో లెక్కలుంటాయి. కాబట్టి కెమెరాల వాళ్లకు అదో పెద్ద బజారు. ఇక్కడ ఆ లెక్క కుదరదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అంతకు ముందు దొరలూ జమీందార్లూ లైసెన్సు తీసుకుని నల్లమలలో పులుల్ని కొట్టిన కాలం ఒకటుంది. ఇప్పుడు సరదా కోసం వేట అనేదే లేదు. చంపితేనే వేట అనుకుంటే పొరపాటు. ఉచ్చు వేసినా, విషం పెట్టినా, ఎర వేసినా, కుక్కల్ని ఉసిగొల్పి తరిమినా, చివరికి ఇవన్నీ చేయబోయి విఫలమైనా చట్టం దృష్టిలో వేటే. పొలం గట్టున కుందేలు కూడా ఆ చట్టం నీడలోనే ఉంది. పులి, చిరుత లాంటి మొదటి షెడ్యూలు జంతువు జోలికి వెళ్లినా, అభయారణ్యంలో వేటాడినా మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022లో చేసిన సవరణ తర్వాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గడానికి లేదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, రాత్రిపూట బైకు మీద వెళ్లి, హెడ్‌లైటు వెలుగులో కుందేలునో అడవిపందినో కొట్టి, దాన్ని ఫోన్లో తీసి స్నేహితులకు పంపే కుర్రాళ్లు ఉన్నారు. మజాగా ఉంటుందనుకుంటారు. ఆ వీడియోలో ముఖం ఉంటుంది, బండి నంబరు ఉంటుంది, తేదీ, టైము ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ గుట్ట దగ్గరో కూడా ఫైల్లోనే రాసుంటుంది. కేసు రాసుకునే అధికారికి ఇంతకన్నా ఏం కావాలి? సొంత వేటను తీసుకోవడానికి మంచి కెమెరా ఏదని అడిగే వాళ్లకు ఒకటే జవాబు... ఎంత మంచి కెమెరా అయితే సాక్ష్యం అంత స్పష్టంగా ఉంటుంది!

ఇక మిగిలినవి రెండు వేటలు. ఒకటి దేవుడిది. రెండోది తుపాకీ లేకుండా కళ్లతో ఆడేది... నల్లమల దారిలో జింకనో, రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకనో కెమెరాలో పట్టుకోవడం. ఈ రెంటికీ కావలసిన కెమెరాలు ఒకటి కావు. రెంటికీ పనికొచ్చే ఒకే కెమెరా ఇప్పించండి అని దుకాణంలో అడిగితే వాళ్లు తప్పకుండా ఇస్తారు, మనం రెండు విధాలా చెడతాం.

పులికి వినపడకుండా...

తుపాకీ పక్కనపెట్టి కెమెరా పట్టిన వాళ్లలో అందరికీ తెలిసిన పేరు జిమ్ కార్బెట్. కుమాన్ కొండల్లో నరభక్షక పులుల్ని వేటాడిన ఈయన 16 ఎంఎం సినిమా కెమెరా పుచ్చుకుని పులుల వెంట ఏళ్ల తరబడి తిరిగాడు. 1944లో వచ్చిన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమాన్’ పుస్తకం చివరి అధ్యాయంలో ఆ అవస్థంతా చెప్పుకున్నాడు. తుపాకీతో పులిని కొట్టడం కన్నా ఫిలిం మీదికి ఎక్కించడం ఎన్నో రెట్లు కష్టమని తేల్చాడు. ఆయనకు పెద్ద శత్రువు ఏమిటో తెలుసా? వెలుతురు లేకపోవడం ఒకటైతే, రెండోది కెమెరా చప్పుడు. లోపల మోటారు తిరుగుతుంటే వచ్చే గిర్రుమనే శబ్దానికి పులులు ఉలిక్కిపడేవి. చివరికి ఒక వాగు ఒడ్డున చోటు చూసుకుని, నీటికి చిన్నచిన్న అడ్డుకట్టలు వేశాడు. వాటి మీంచి దూకే నీళ్ల చప్పుడులో కెమెరా చప్పుడు కలిసిపోయింది. అలా దొరికాయి ఆయనకు పులులు.

కార్బెట్‌కు ఆ దారి చూపించింది ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి. ఆయన 1927లోనే పులుల ఫొటోలతో పుస్తకం వేశాడు. దారికి అడ్డంగా సన్నటి తీగ కట్టి, పులి కాలు దానికి తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా ఏర్పాటు చేసేవాడు. పులి తన ఫొటో తనే తీసుకున్నట్టన్నమాట. నేడు నల్లమలలో అటవీశాఖ చెట్లకు కట్టే కెమెరా ట్రాపులకు తాత అదే. ఇప్పుడు తీగ లేదు. ముందునుంచి వెచ్చటి ఒళ్లు ఏదైనా కదిలితే ఆ వేడిని పసిగట్టి కెమెరా మేలుకుంటుంది. దారికి అటొకటి, ఇటొకటి పెట్టి పులి రెండు పక్కలా తీస్తారు. ఎందుకంటే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడి ఎడమ పక్కల చారలు కూడా వేరే. ఆ చారలతోనే లెక్క. 2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులు తేలితే, 2022కి ఆ సంఖ్య 63కు చేరింది.

కార్బెట్ కథలో నేటి కొనుగోలుదారుకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కెమెరాకు మోటారు పోయింది గానీ చప్పుళ్లు పోలేదు. రికార్డింగ్ మొదలైతే ‘టింగ్’, ఆపితే ‘టింగ్ టింగ్’, ఫోకస్ కుదిరితే ‘బీప్’. ముందు ఎర్రటి లైటొకటి. కొన్న రోజే సెట్టింగుల్లోకి వెళ్లి ఈ గంటలూ దీపాలూ అన్నీ ఆపేయండి. జింక చెవికి టింగుమన్న శబ్దం చాలు, మీకు మిగిలేది తోకే. దుకాణంలో చూసేటప్పుడు లెన్సును ముందుకీ వెనక్కీ జరిపి చెవి దగ్గర పెట్టుకుని వినండి. కొన్నింటిలో జూమ్ మోటారు చప్పుడు మైకులోకి ఎక్కుతుంది. గుడి గంటల మధ్య అది తెలియదు, అడవిలో మాత్రం అదే వినిపిస్తుంది.

యాభై మీటర్ల దూరంలో జింక

జూమ్ దగ్గర మోసపోయినంతగా జనం మరెక్కడా మోసపోరు. డబ్బా మీద ‘200 ఎక్స్’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అందులో ‘ఆప్టికల్’ ఎంతో అడగండి. లెన్సు నిజంగా దగ్గరకు తెచ్చేది అదొక్కటే. ‘డిజిటల్ జూమ్’ అంటే తీసిన బొమ్మలో మధ్య ముక్క కత్తిరించి సాగదీయడం. ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్లో మీరూ చేసుకోవచ్చు, డబ్బులివ్వక్కర్లేదు.

ఒక చిన్న లెక్క. మామూలు ఫోన్ ప్రధాన కెమెరా లెన్సు సుమారు 26 ఎంఎంకు సమానం. యాభై మీటర్ల దూరంలో చుక్కల జింక నిలబడిందనుకోండి. ఆ దూరంలో ఫోను అటూ ఇటూ దాదాపు 70 మీటర్ల వెడల్పును చూస్తుంది. మీటరుకు కాస్త మించి ఉండే జింక అందులో ఎంత? యాభయ్యో వంతు. చీమ అన్నా తప్పులేదు. అదే 600 ఎంఎంకు సమానమైన లెన్సయితే అదే దూరంలో మూడు మీటర్ల వెడల్పే కనిపిస్తుంది. జింక తెరలో దాదాపు సగం నిండుతుంది. హెల్మెట్‌కు పెట్టుకునే యాక్షన్ కెమెరాలు ఫోన్ కన్నా వెడల్పుగా చూస్తాయి. బైకు మీద ఘాట్ రోడ్డు తీసుకోవడానికి అవి భలే ఉంటాయి. జింకకు దండగ.

అలాగని జూమ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదా? అదీ కాదు. నికాన్ 2018లో తెచ్చిన పి1000 అనే కెమెరా 3000 ఎంఎం దాకా లాగుతుంది. చంద్రుడి మీద గుంటలు కనిపిస్తాయి. కానీ అంత లాగినప్పుడు లెన్సు ద్వారం ఎఫ్8కు కుంచించుకుపోతుంది, లోపలి సెన్సరు చూస్తే చిటికెన వేలి గోరంత. మిట్టమధ్యాహ్నం ఎండలో సరే, జంతువులు బయటికొచ్చేది పొద్దు పొడిచే వేళా, పొద్దు గూకే వేళా. అప్పుడు బొమ్మంతా ఇసుక చల్లినట్టు ఉంటుంది. పైగా ఆ జూమ్‌లో మీ గుండె కొట్టుకున్నా తెర ఊగుతుంది, స్టాండు లేకుండా పని జరగదు. సోనీ 2017లో తెచ్చిన ఆర్‌ఎక్స్10 నాలుగో రకం 600 ఎంఎం దగ్గరే ఆగిపోతుంది, కానీ సెన్సరు ఒక అంగుళం రకం. నల్లమల అంచుల్లో, రోళ్లపాడులో తిరిగేవాళ్లకు ఈ రెండో పద్ధతి కెమెరాయే మేలు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే లెన్సులో బూజు ఉందా, లేదా అన్నది టార్చి వేసి చూసి మరీ తీసుకోవాలి.

‘అంగుళం’ అన్నారు కదా అని స్కేలు పెట్టి కొలవకండి. పాతకాలం టీవీ కెమెరా గొట్టాల నుంచి వచ్చిన పేరది. నిజానికి ఆ సెన్సరు 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అయినా మామూలు హ్యాండీక్యామ్‌లో ఉండే చిన్న సెన్సరుతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా వైశాల్యం. వాన నీళ్లు పట్టడానికి చెంబు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఎంత తేడా ఉంటుందో, వెలుతురు పట్టడంలోనూ అంతే తేడా. మెగాపిక్సెళ్ల సంఖ్య కన్నా ముందు దీన్ని అడగాలి. అడిగే వాళ్లు తక్కువ కాబట్టే డబ్బా మీద దీన్ని చిన్నక్షరాల్లో వేస్తారు.

పల్లకి రాత్రి

పార్వేటకు జూమ్‌తో పనిలేదు. పల్లకి మీ ముందుకే వస్తుంది, మీ ఇంటి గడపకే వస్తుంది. ఇక్కడ కావాల్సింది చీకట్లో చూసే కన్ను, తోపులాటలో వణకని చెయ్యి, వినే చెవి. సెన్సరు పెద్దది, లెన్సు ద్వారం ఎఫ్2 లేదా అంతకన్నా చిన్న అంకె... ఈ రెండూ కుదిరితే అరచేతిలో ఇమిడేదయినా చాలు. వణుకు ఆపడానికి లెన్సే కదిలే పద్ధతి, కెమెరా మొత్తాన్ని చిన్న గింబల్ మీద తేల్చే పద్ధతి నయం. కేవలం బొమ్మను కత్తిరించి నిలబెట్టే ఎలక్ట్రానిక్ పద్ధతి పగలు బాగుంటుంది గానీ, చీకట్లో దీపాల చుట్టూ వెలుగు పాకినట్టు చేస్తుంది. ఆ మాటకొస్తే గత నాలుగైదేళ్లలో వచ్చిన మంచి ఫోను చేతిలో ఉంటే పార్వేట కోసం వేరే కెమెరా కొనక్కర్లేదు. ఆ డబ్బుతో ఒక మైకు, ఒక చిన్న స్టాండు కొనుక్కోండి.

ఇక ఆ పాకే నల్లచారల సంగతి. దీనికి కెమెరా తప్పేం లేదు, కరెంటు తప్పూ లేదు. ఇద్దరికీ పొంతన కుదరకపోవడమే. ఇక్కడి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అందుకని ట్యూబులైట్లు, చౌక ఎల్ఈడీ బల్బులు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికాలో కరెంటు 60 సార్లు. అక్కడి లెక్కకు తయారైన కెమెరా సెకనుకు 30 లేదా 60 బొమ్మలు తీస్తుంది. దాన్ని తెచ్చి ఆళ్లగడ్డ వీధి దీపాల కింద పెడితే చారలే చారలు. సెట్టింగుల్లో ‘పాల్’ లేదా ‘50 హెర్ట్జ్’ అని ఉంటుంది, అది పెట్టి సెకనుకు 25 లేదా 50 బొమ్మలు ఎంచుకోండి. షట్టరు 1/50 లేదా 1/100. అంతే, చారలు మాయం. కొన్ని హ్యాండీక్యాములు మాత్రం అమెరికాకు ఒకటి, ఇండియాకు ఒకటి అని వేరువేరుగా తయారయ్యాయి, వాటిలో మార్చుకునే వీలే ఉండదు. మేనల్లుడు బిల్లు కట్టకముందే ఈ ముక్క చెప్పాలి. ఇప్పటికే తెచ్చేసి ఉంటే కంగారొద్దు, షట్టరును చేత్తో 1/100కు మార్చే వీలుందేమో చూడండి. ఉంటే గండం చాలావరకు గట్టెక్కినట్టే.

స్వామి తెల్లటి ముద్దలా రావడానికి కారణం వేరు. చుట్టూ చీకటిగా ఉండటంతో కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది. దాంతో దివిటీల ముందున్న విగ్రహం కాస్తా మాడిపోతుంది. ఫోనైతే తెర మీద స్వామి ముఖం దగ్గర వేలు అదిమి పట్టుకోండి, తాళం గుర్తు వస్తుంది. వేలిని కాస్త కిందికి జరిపితే వెలుతురు తగ్గుతుంది. జనం చీకట్లో ఉండిపోతారే అనుకోవద్దు, నిజంగా ఆ రాత్రి కంటికి కనిపించేదీ అలాగే కదా!

శబ్దం గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే బొమ్మ కొంచెం బాగా లేకపోయినా జనం చూస్తారు, శబ్దం బాగా లేకపోతే కట్టేస్తారు. కెమెరాలో ‘ఆటో’ అనే సదుపాయం డోలు దెబ్బ పడగానే శబ్దాన్ని తొక్కేస్తుంది, ఆగగానే పైకి లేపుతుంది. విన్నవారికి ఎవరో రేడియో వాల్యూం తిప్పుతున్నట్టు ఉంటుంది. మైకు స్థాయిని చేత్తో తగ్గించుకునే వీలున్నదే కొనండి. మైకు గుచ్చుకునే రంధ్రం లేని కెమెరాను చూడనైనా చూడొద్దు. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు వేస్తే గరగర పోతుంది. డోళ్లకు ఎదురుగా నిలబడకుండా నాలుగడుగులు పక్కకు జరిగితే పైసా ఖర్చు లేకుండానే సగం సమస్య తీరుతుంది.

మరో లెక్క. 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. పల్లకి వెంట నలభై రోజులు, రోజుకు గంట చొప్పున తిరిగితే 1,800 జీబీ. అన్ని కార్డులు కొనే బదులు ఫుల్ హెచ్‌డీలో తీసుకుంటే సగానికి సగం ఆదా. ఊళ్లో టీవీ మీద తేడా పోల్చుకునేవాళ్లు తక్కువే. కార్డు మీద ‘వి30’ అని ఉండాలి. అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం. చౌకగా దొరికే దొంగ కార్డులు సరిగ్గా బాణాలు వేసే వేళకే ఆగిపోతాయి. బాణాలు మళ్లీ వేయమంటే చెంచులు వేయరు గదా.

ఇన్‌టాక్ సంస్థ యునెస్కో గుర్తింపు కోసం పార్వేటను పత్రబద్ధం చేసే పని చేపట్టింది. దాని పని దానిది. కానీ ఏ ఊళ్లో ఏ ఇంటివాళ్లకు ఏ మర్యాద, ఎవరు దివిటీ పట్టాలి, ఎవరు గొడుగు పట్టాలి, పల్లకి ఏ సందులోంచి తిరగాలి అన్నవి ఆ ఊరివాళ్లకే తెలుసు. అవి బయటివాళ్ల కెమెరాకు చిక్కేవి కావు. స్వామిని ఎదురుగా ఒక్క నిమిషం తీసుకున్నాక కెమెరాను అటు తిప్పండి.

దారిలో దిగొద్దు

నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారి, రైలు మార్గం రెండూ నల్లమలను చీల్చుకుంటూ పోతాయి. చలమ, దిగువమెట్ట పేర్లు కెన్నెత్ ఆండర్సన్ వేట కథలు చదివినవారికి కొత్త కాదు. ఈ అడవి సంగతి ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు గానీ, చేతిలో కొత్త కెమెరా ఉన్నప్పుడు తెలిసిన సంగతులు కూడా మరపుకొస్తాయి. 2024 జూన్‌లో మహానంది గుడి పరిసరాల్లో చిరుత సీసీ కెమెరాలకు కనిపించింది. అదే నెలలో శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్లిన మహిళ చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయింది. ఘాట్‌లో కారు ఆపి, తలుపు తీసి, ‘ఒక్క షాట్’ అంటూ దిగడం ఎంత మాత్రం తగదు. అద్దం దించి, తలుపు మీద చిన్న గుడ్డ సంచిలో బియ్యమో ఇసుకో పోసి పెట్టుకుని, దాని మీద కెమెరా ఆనించండి. ఇంజిన్ ఆపేయండి, లేకపోతే ఆ అదురు బొమ్మలో తెలుస్తుంది. వేల రూపాయల స్టాండు చేసే పనే ఇది.

అడవి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. అభయారణ్యంలో ఫొటోలకూ వీడియోలకూ చట్టంలోనే నియమం ఉంది. జంతువులు ఉండే చోటును చెదరగొట్టకుండా తీసుకోవాలి. కొమ్మలు నరికి దారి చేసుకోవడం, గూటి దగ్గరికి పోయి పిల్లల్ని తీయడం, ఎర వేయడం... కెమెరా కోసం చేసినా నేరమే. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు అడగండి. కాదంటే ఇంట్లోనే ఉంచండి. అమెరికా నుంచి తెప్పించిన కెమెరా ట్రాపును సొంతంగా రిజర్వులో చెట్టుకు కట్టే ఆలోచన కూడా వద్దు. సొంత పొలంలో, సొంత తోటలో అయితే పెట్టుకోండి, రాత్రిళ్లు ఎవరు వచ్చి వేరుశనగ తింటున్నారో తెలుస్తుంది. అలాంటిది కొనేటప్పుడు 850, 940 అని రెండు రకాల చీకటి దీపాలుంటాయి. 850 రకం మరింత దూరం చూపిస్తుంది గానీ సన్నటి ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. 940 రకం అసలు కనిపించదు. పందికి ఏదైనా ఒకటే, దొంగకు మాత్రం రెండోదే!

ఇంకోటుంది. 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు దొరికాయి. గ్రామస్థులు వాటిని కుక్కల బారిన పడకుండా కాపాడారు. అటవీశాఖ వాళ్లు కెమెరా ట్రాపులు పెట్టి తల్లి కోసం రోజుల తరబడి గాలించారు. తల్లీపిల్లల్ని కలపడం సాధ్యం కాలేదు, చివరికి పిల్లల్ని తిరుపతి జూకు తరలించారు. పిల్లలున్న చోట జనం అలికిడి ఎంత తగ్గితే తల్లి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. ఎప్పుడైనా అలాంటివి కంటపడితే ముందు చేయాల్సింది అధికారులకు ఫోన్. తీసిన వీడియో ఉంటే అది వాళ్లకే పంపండి, ఫలానా గుట్ట దగ్గర అని ఊరందరికీ పంపకండి. ఫోను కెమెరాలో లొకేషన్ నమోదు ఆపేసి ఉంచడం ఇందుకూ మంచిదే.

బీరువాలో ఉన్న వేట

కొత్త కెమెరా కొనేముందు బీరువా పైఅర ఒకసారి చూడండి. ఈ శతాబ్దం మొదట్లో గల్ఫ్ నుంచి వచ్చిన హ్యాండీక్యాములు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే మినీ డీవీ టేపులు, వాటితో పాటే పెళ్లిళ్లూ, పురుళ్లూ, పార్వేటలూ. ఒక్కో టేపు గంటసేపు. అందులో బొమ్మ సన్నటి అయస్కాంతపు పొర మీద ఉంటుంది. ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, తేమ తగిలితే తెల్లటి బూజు పడుతుంది. టేపు బాగున్నా దాన్ని ఆడించే కెమెరా పనిచేయాలి. అవి కొత్తవి తయారుకావడం లేదు. కెమెరాను కంప్యూటరుకు కలిపే ఫైర్‌వైర్ రంధ్రం కొత్త కంప్యూటర్లలో లేదు.

బూజు కనిపించే టేపును కెమెరాలో పెట్టొద్దు, తలకు అంటుకుని మంచి టేపుల్నీ పాడుచేస్తుంది. మిగతావాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, ఆ తర్వాతే ఆడించాలి. పాత ఫైర్‌వైర్ కార్డున్న కంప్యూటరు దొరికితే అదే అన్నిటికన్నా మేలు, టేపులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. గంట టేపు దించడానికి గంట పడుతుంది, 13 జీబీ స్థలం తీసుకుంటుంది. ఇరవై టేపులున్నా 260 జీబీయే, చిన్న హార్డ్ డిస్కు చాలు. దుకాణంలో ఇస్తే డీవీడీకి ఎక్కిస్తామంటారు. అలా చేస్తే బొమ్మను బాగా నొక్కేస్తారు, మూల ఫైలు కూడా ఇవ్వమని అడిగి తీసుకోండి. రెండు కాపీలు చేసి రెండు ఇళ్లలో పెట్టండి.

దించేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పల్లకి ముందు కొమ్ము పట్టిందెవరు, వెనక నడిచిందెవరు, ఆ ఇల్లు ఎవరిది, ఆ వేపచెట్టు ఏ వీధిలోది... వాళ్లు చెబుతుంటే టేపు పేరు, నిమిషం అంకె పక్కన ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ముందుగా దించాల్సింది లేబులు లేని టేపులు.